స్టేషనుకి తోడెళ్ళే మనిషి కావాల



2012 జూన్ 12న లక్ష్మీపేటలో అయిదుగురు దళితుల్ని చంపేశారు. మడ్డువలస ప్రాజెక్టుకి తీసుకున్న భూమిలో ముంపుకి రాని చెక్కల్ని మనోళ్ళు దున్నుకోవడమే నేరమైంది. అత్యాచారాల నిరోధక చట్టం 1989 నుంచీ ఉంది. చట్టం ఉంటే చాలదు, దాన్ని చదివిన మనిషి మన పేటలో ఉండాల.

ఆ మనిషికి ఏం తెలియాల? అట్రాసిటీ కేసుని డీఎస్పీ దర్యాప్తు చెయ్యాల. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాల. ఎస్సీ, ఎస్టీ కాని అధికారి కావాలని కేసు కట్టకపోతే నాలుగో సెక్షను కింద ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. 2015 సవరణతో వచ్చిన 15ఎ సెక్షను ప్రకారం బాధితులు సంఘపోళ్ళ సాయం, వకీలు సాయం తీసుకోవచ్చు. అది హక్కు, ఎస్సై దయ కాదు.

ఆ సాయం మనమే కావాల. జిల్లా న్యాయసేవాధికార సంస్థ పారా లీగల్ వాలంటీర్లకి శిక్షణ, గుర్తింపు కార్డు ఇస్తుంది. లా డిగ్రీ అక్కర్లేదు. అయితే కార్డు మెళ్ళో వేసుకుంటే నాయకులైపోం. అర్ధరాత్రి దెబ్బలు తిన్నోళ్ళు తలుపు కొడితే లేచి వెళ్ళాల. తిట్టిన మాట, చోటు, సాక్షుల పేర్లు ఫిర్యాదులో రాయించాల. చదివి వినిపించాకే వేలిముద్ర వెయ్యనివ్వాల.

పేటకి ఇద్దరు, అందులో ఒకరు ఆడమనిషి. పేర్లు ఈ సభలోనే రాయండి. దరఖాస్తులు మేం పంతుళ్ళం నింపి పెడతాం. జై భీమ్!