ఇంటి టీవీకి సౌండ్‌బారా, చుట్టూ స్పీకర్లా? – ఒక పింఛనుదారుని అనుభవం
(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు ప్రతిఫలమని తీర్పు చెప్పింది. ఆ విషయం నాకంటే బాగా తెలిసినవారు ఇంతకుముందే మాట్లాడారు. కార్యదర్శిగారు నన్ను "మీరు ఇంటికి పనికొచ్చే సంగతి ఏదైనా చెప్పండి" అన్నారు. అందుచేత ఆ పింఛను సొమ్ములో కొంత ఖర్చుపెట్టి ఒకసారి ఎలా పొరపాటు పడ్డానో, రెండోసారి ఎలా దిద్దుకున్నానో మనవి చేస్తాను.

నేను 1973లో గుమాస్తాగా చేరి, 2008లో రిటైరయినవాణ్ణి. ఇంజనీరును కాను. కాగితాలు చదివి, అనుకూలాలు ఒకవైపు, ప్రతికూలాలు ఒకవైపు వేసి నోటు రాయడం ఒక్కటే నాకు వచ్చిన విద్య. ఇది కూడా అటువంటి నోటే అనుకోండి.

మూడేళ్ల క్రితం మా పాత డబ్బా టీవీ పోయి, గోడకు తగిలించే పలచని టీవీ వచ్చింది. బొమ్మ అద్దంలా ఉంది. అయితే కొద్ది నెలలకు మా శ్రీమతి సాయంత్రం సీరియల్ వేళకు లేచి, జపమాల పట్టుకుని వెనక వరండాలోకి వెళ్లడం మొదలుపెట్టింది. వయసు మీద పడుతున్నది, వైరాగ్యం వచ్చింది కాబోలు అనుకున్నాను. ఒకనాడు అడిగితే చెప్పింది: "బొమ్మలు కనిపిస్తున్నాయండీ. ఏం మాట్లాడుకుంటున్నారో తెలియడం లేదు. మాటిమాటికీ మిమ్మల్ని అడగడం నామోషీగా ఉంది." రెండు మూడుసార్లు నేను "ఎన్నిసార్లు చెప్పమంటావు?" అని విసుక్కున్న మాట నాకప్పుడు గుర్తుకొచ్చింది. యాభై ఏళ్లు నాతో కాపురం చేసిన మనిషి నా విసుగుకు జడిసి వరండాలో కూర్చున్నది.

ఈ మాట బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి చెవిన వేశాను. "నాన్నగారూ, టీవీ పలచనయ్యేకొద్దీ అందులో స్పీకర్లకు చోటు ఉండదు. వాటిని కిందికో వెనక్కో తిప్పి పెడతారు. శబ్దం గోడకు తగిలి మీకు చేరుతున్నది. విడిగా స్పీకర్లు పెట్టాలి" అన్నాడు. అన్నమాట ప్రకారం 5.1 సెట్టు పంపించాడు.

ఈ అంకెల సంగతి ఒక మాట చెబుతాను, దుకాణంలో మీకు అక్కరకొస్తుంది. చుక్కకు ముందున్న అంకె చెవి ఎత్తులో ఉండే స్పీకర్ల సంఖ్య. చుక్క తరువాతి అంకె సబ్‌ఊఫర్, అంటే ఢంఢం మనే బరువు శబ్దానికి పెట్టె. 5.1 అంటే ముందు మూడు, వెనక రెండు, ఒక సబ్‌ఊఫర్. 5.1.2 అని మరో అంకె కూడా ఉంటే, రెండు స్పీకర్లు పైకప్పు వైపునుంచి శబ్దం వచ్చేటట్లు చేస్తాయి.

ఇదంతా సినిమా హాలు కోసం పుట్టిన విద్య. 1940లోనే వాల్ట్ డిస్నీ 'ఫాంటాసియా' చిత్రం కోసం కొన్ని హాళ్లలో ప్రేక్షకుల చుట్టూ శబ్దం వచ్చే ఏర్పాటు చేశారు. హాలులో తెర వెనక మధ్యన ఒక స్పీకరు ఉంటుంది. పాత్రల మాట చాలావరకు దానిలోనుంచే వస్తుంది. వానా, గుర్రాల డెక్కలూ, సంగీతం మిగిలినవాటికి పంచుతారు. ఈ మధ్య స్పీకరు సంగతి జ్ఞాపకం పెట్టుకోండి, మనకు కావలసిన కీలకం అదే.

సరే, సెట్టు వచ్చింది. బిగించే కుర్రాడు వచ్చాడు. వెనక స్పీకర్లు మనం కూర్చున్న చోటికి పక్కగా, కొంచెం వెనగ్గా ఉండాలన్నాడు. మా హాలు పన్నెండడుగులకు పదిహేను. సోఫా గోడకు ఆనించి ఉంటుంది. ఇక వెనక చోటెక్కడిది? ఒక స్పీకరు దేవుడి గది గుమ్మం పక్కన, మరొకటి వంటింటి గుమ్మం పక్కన పెట్టి, వైర్లు నేల మీదుగా లాగి పైన చాప కప్పాము.

న్యాయం చెప్పాలి. మనవడు మంచి సినిమా పెట్టి చూపించిన రోజున మాట స్పష్టంగా వచ్చింది, వాన మా ఇంట్లో కురిసినట్లే ఉంది. కాని మేము రోజూ చూసేవి వార్తలు, సీరియళ్లు, ప్రవచనాలు. వాటిలో ఎక్కువ భాగం రెండు చానళ్ల శబ్దమే. వెనక స్పీకర్లకు చేయడానికి పని లేదు, పోస్టు మంజూరై ఫైళ్లు లేని సెక్షనులాగ! పైగా టీవీకొక రిమోటు, ఆంప్లిఫయరుకొక రిమోటు, సెట్‌టాప్ బాక్సుకొక రిమోటు. మనవడు వెళ్లిపోయాక ఏది నొక్కితే ఏమవుతుందో తెలియక సెట్టును ఆర్పేసి మళ్లీ టీవీ శబ్దమే వినసాగాం.

నెల తిరగకుండానే ఒక రాత్రి మా శ్రీమతి మంచినీళ్లకు లేచి ఆ వైరుకు కాలు తగిలి పడింది. దేవుడి దయవల్ల మోచేయి కమిలి ఊరుకుంది. మన వయసులో తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో ఈ సభలో అందరికీ తెలుసు. మరునాడే ఆ సెట్టు పెట్టెల్లో సర్దించి అబ్బాయికి పంపేశాను. వాడికి విడిగా ఒక గది ఉంది, వైర్లు గోడలోనుంచి పోయాయి, శనివారం సినిమాలు చూస్తారు. అక్కడ అది రాణిస్తున్నది. వస్తువులో దోషం లేదు. అది మా ఇంటికి తగినది కాదు, అంతే.

రెండోసారి నేనే స్వయంగా దుకాణానికి వెళ్లాను, మా శ్రీమతిని వెంటబెట్టుకుని. సౌండ్‌బార్ అంటే టీవీ కింద పెట్టే పొడుగాటి పెట్టె, స్పీకర్లన్నీ అందులోనే ఉంటాయి. సేల్స్ కుర్రాడు వెంటనే యుద్ధం సన్నివేశం పెట్టి షాపు అదరగొట్టాడు. "బాబూ, వార్తలు పెట్టు. శబ్దం బాగా తగ్గించు" అన్నాను. మా శ్రీమతిని కళ్లు మూసుకోమని, చదివిన వార్త తిరిగి చెప్పమన్నాను. నాలుగింటిలో రెండు ఆ పరీక్షలో తప్పాయి. నెగ్గినది 3.1 రకం, అంటే మధ్యన మాట కోసం విడిగా స్పీకరు ఉన్నది. 2.1 అన్నవాటిలో ఆ మధ్య స్పీకరు ఉండదు. పెట్టె పొడుగు చూసి మోసపోవద్దు.

మరికొన్ని సంగతులు ఒక్కొక్కటే చెబుతాను.

వెయ్యి వాట్లని అంటే లొంగకండి. పూర్వం టేప్‌రికార్డర్ల మీద పి.ఎం.పి.ఓ. అని వేలకు వేలు వేసేవారు, గుర్తుందా? ఆర్.ఎం.ఎస్. ఎంతో అడగండి. చిన్న హాలుకు గొప్ప అంకె అక్కరలేదు.

టీవీ వెనక హెచ్.డి.ఎం.ఐ. రంధ్రాలలో ఒకదాని మీద ఏ.ఆర్.సి. అని రాసి ఉంటుంది. వైరు అందులోనే పెట్టించండి. సెట్టింగు సరిగ్గా ఉంటే ఒక్క వైరు, టీవీ రిమోటుతోనే శబ్దం హెచ్చు తగ్గులు. బ్లూటూత్‌తో కలిపితే ఒక్కొక్కప్పుడు పెదవులు ముందు, మాట వెనక అవుతుంది.

వైర్‌లెస్ వెనక స్పీకర్లు అంటే వైరే ఉండదనుకోవద్దు. చాలావాటికి కరెంటు ప్లగ్గు కావాలి.

మాటను పైకి తెచ్చే మీట, పెద్ద చప్పుళ్లను అణచే రాత్రి మీట ఉన్నాయో లేదో చూడండి. అపార్టుమెంటులో ఉండేవారు సబ్‌ఊఫర్‌ను తగ్గించి ఉంచండి. బరువు శబ్దం గోడలు దాటి పక్కింటికి పోతుంది.

నున్నటి గచ్చు, బోడి గోడలు మాటను ప్రతిధ్వనింపజేస్తాయి. కిటికీకి మందపు కర్టెను కడితే కొంత నయం.

సౌండ్‌బార్‌కు ఒక లోపమూ ఉంది. అన్నీ ఒకే పెట్టెలో గనుక, లోపల ఏది చెడినా పెట్టె మొత్తం రిపేరుకు పోవాలి. విడి సెట్టులో అయితే చెడిన ఒక్క స్పీకరే మార్చుకోవచ్చు. గది, చోటు, సినిమాల మీద ప్రేమ, సర్దిపెట్టే పిల్లలు దగ్గర ఉన్నవారు 5.1 కొనుక్కోండి, నిరభ్యంతరంగా. నావంటివారికి మధ్య స్పీకరున్న సౌండ్‌బార్ చాలు.

ఇక అసలు మాట. సౌండ్‌బార్ వచ్చాక మా శ్రీమతి తిరిగి హాలులోకి వచ్చింది గాని, ఇంకా కొన్ని మాటలు జారిపోతూనే ఉన్నాయి. చెవి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాను. ఆయన చెప్పినదిది: వయసుతో ముందుగా పోయేది సన్నని శబ్దాలు వినే శక్తి. స, ష, త వంటి హల్లులు ఆ సన్నని శబ్దాలతోనే తెలుస్తాయి. అచ్చులు వినపడతాయి, హల్లులు జారిపోతాయి. అందుకే చప్పుడు వినిపిస్తుంది, మాట అర్థం కాదు. శబ్దం పెంచితే సంగీతమూ పెరుగుతుంది, మాట మళ్లీ మునిగిపోతుంది. ఆమెకు రెండు చెవులకూ యంత్రాలు పెట్టారు.

డాక్టరు పనిలో పనిగా నన్నూ కుర్చీలో కూర్చోబెట్టారు. నా కుడి చెవిలో గులిమి, ఎడమ చెవిలో వయసు! ఇంతకాలం "ఎన్నిసార్లు చెప్పమంటావు" అని విసుక్కున్న పెద్దమనిషిని నేనే.

అందుచేత నా నోటు సారాంశం ఇది. ముందు చెవి పరీక్ష చేయించుకోండి. తరువాత సౌండ్‌బారా, చుట్టూ స్పీకర్లా అన్నది మీ గదిని బట్టి, మీరు చూసేదాన్ని బట్టి తేల్చుకోండి. ఏది కొన్నా, ఎవరికోసం కొంటున్నారో వారిని దుకాణానికి వెంట తీసుకువెళ్లండి. ఇంట్లో ఎవరైనా టీవీ ముందునుంచి మౌనంగా లేచిపోతుంటే, వైరాగ్యమనుకోకుండా ఒక్కసారి అడగండి.

ఇప్పుడు మా ఇంట్లో సాయంత్రం ఇద్దరం సోఫాలోనే కూర్చుంటున్నాం. మొన్న వార్తల్లో ఏదో మాట నాకు జారిపోయి, "ఏమన్నాడే?" అన్నాను. విసుక్కోకుండా చెప్పింది. రెండోసారి అడిగినా చెప్పింది.