కూర్చుని విన్న బ్యాండు మేళం
(శాఖా సభ్యుల సమావేశంలో చేసిన ఉపన్యాస పాఠం)



నిన్న సాయంకాలం మన రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలులో పట్టణ బ్యాండు మేళం వారి కచేరీ జరిగింది. క్లారినెట్లను పక్కన పెట్టి, కేవలం ఇత్తడి వాద్యాలతోను, డ్రమ్ములతోను పద్దెనిమిది మంది వాద్యకారులు రెండు గంటల సేపు వాయించారు. వీరు మనకు కొత్తవారు కారు. మన బిడ్డల పెళ్లి ఊరేగింపులలోను, పదవీ విరమణ చేసిన మిత్రులను పూలమాలలతో ఇంటికి సాగనంపిన రోజులలోను వీరే మనకు ముందు నడిచారు. కాని వీధిలో విన్న మేళం వేరు, నిన్న విన్న మేళం వేరు.

ఇత్తడి గొట్టం తనంత తాను పలకదు. మౌత్‌పీసుకు ఆనించిన పెదవుల కంపనమే నాదానికి మూలం. బిగ్గరగా ఊదడం కష్టమే. మెల్లగా, శ్రుతి తప్పకుండా, నాదం వణకకుండా ఊదడం అంతకంటె కష్టం. ఊరేగింపులో ఆ అవకాశమే లేదు. టపాకాయలు, జనరేటరు రొద, వెనుక డీజే పెట్టెలు! వాటిని మించి వినిపించాలంటే గొంతు చించుకున్నట్లు వాయించక తప్పదు. మూడు నాలుగు గంటలు నడుస్తూ అలా వాయిస్తే పెదవులు వాచిపోతాయి. నిన్న నిశ్శబ్దంగా ఉన్న హాలులో యుఫోనియం ఒక్కటే మంద్రస్థాయిలో పలికినపుడు వెనుక వరుసలోని వారికి కూడా స్పష్టంగా వినిపించింది. చేయి అదే, వాద్యం అదే. మారినవి పని పరిస్థితులు మాత్రమే.

వారు ఎంచుకున్న వాటిలో పట్నం సుబ్రహ్మణ్యయ్యర్ గారి కదనకుతూహల రాగ కీర్తన ఒకటి. ఎంపిక తెలివైనది. ఆ రాగంలోని స్వరాలు పాశ్చాత్యుల మేజర్ స్కేలు స్వరాలే. మీటల వాద్యంపై గమకం పలికించడం కష్టం గాని, ఈ రాగానికి ఆ చిక్కు అంతగా లేదు.

మన దేశానికి ఈ వాద్యాలు కంటోన్మెంట్ల సైనిక బ్యాండ్లతో వచ్చాయి. బ్రిటన్‌లో వీటిని గనులు, మిల్లుల కార్మికులు తమ సొంతం చేసుకున్నారు. పంతొమ్మిదో శతాబ్ది తొలి భాగంలో మీటలు కనిపెట్టిన తర్వాత మూడు వేళ్లతో అన్ని స్వరాలూ పలికించడం సాధ్యమైంది. పగలంతా పనిచేసిన మనిషి సాయంత్రం సాధన చేసి నేర్చుకోగలిగాడు. 1860లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో బ్యాండ్ల పోటీ జరిగినపుడు దూర ప్రాంతాల నుండి వాద్యకారులను, శ్రోతలను చేరవేసినవి తక్కువ చార్జీల ప్రత్యేక రైళ్లే. రైల్వే కార్మికులుగా మనం గుర్తుంచుకోదగిన విషయమిది.

1934 సెప్టెంబరు 22న ఉత్తర వేల్స్‌లోని గ్రెస్‌ఫర్డ్ బొగ్గుగనిలో పేలుడు సంభవించి 266 మంది మరణించారు. వారి స్మృతికి రాబర్ట్ సెయింట్ అనే గని కార్మికుడు బ్యాండు కోసం ఒక స్వరరచన చేశాడు. జూలై మాసంలో జరిగే డర్హమ్ గని కార్మికుల ఉత్సవంలో దానిని వాయిస్తూనే ఉన్నారు. డర్హమ్‌లోని గనులన్నీ మూతపడ్డాయి. బ్యాండ్లు మాత్రం యూనియన్ పతాకాల వెంట నడుస్తున్నాయి.

ఆ బ్యాండ్ల వెనుక యూనియన్ ఉన్నది. మన బ్యాండు వారి వెనుక ఎవరున్నారు? ముహూర్తాలున్న నెలల్లోనే వారికి పని. మూఢం వస్తే పని లేదు, ఆషాఢం వస్తే పని లేదు. ఒప్పందం నోటిమాట మీద; గంటలకు లెక్క లేదు; భోజనం అందరి తర్వాత. లైట్లు మోసే స్త్రీల సంగతి చెప్పనే అక్కరలేదు.

కనుక మన శాఖలు బ్యాండును పిలిచినపుడు సొమ్ము, వేళలు, భోజనం, విశ్రాంతి ముందుగానే కాగితంపై రాసి ఇవ్వాలి. అసంఘటిత కార్మికుల కోసం 2021లో ప్రారంభమైన ఈ-శ్రమ్‌లో పేర్లు నమోదు కాని వారుంటే, దరఖాస్తులు నింపడంలో తపాలా మిత్రులు సాయపడాలి. ఆ పనిలో వారిని మించిన వారు లేరు.

“బ్యాండుకు టిక్కెట్టా?” అని నిన్న గేటు వద్ద ఒక సభ్యుడు నవ్వారు. కచేరీ ముగిశాక ఆయనే లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వచ్చే ఆషాఢంలో మరొక కచేరీ ఏర్పాటు చేయవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాము. హాలు ఖర్చు శాఖ భరించాలి. టిక్కెట్ల సొమ్ము పూర్తిగా వాద్యకారులకే చెందాలి.