కొబ్బరితోటని బాగుచేయాలంటే ముందు మురుగు బోదె తవ్వాలి

ఈ ఎపిసోడ్‌లో కడియం నర్సరీల టూర్ లేదు, కొత్త మొక్కలూ లేవు. ఈరోజు మురుగు బోదె గురించి మాట్లాడతాను. నవ్వకండి, మా తోట ఇంకా తోటలాగే ఉందంటే దాని వల్లే.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. మాది అంబాజీపేట దగ్గర ఓ పల్లెటూరు. తాతయ్య కొబ్బరితోట ఎకరంన్నర. 1996 నవంబరు తుపానుకి కోనసీమలో కొబ్బరితోటలు నేలకూలిపోయాయి కదా, మా పాత తోట కూడా అప్పుడే పోయింది. తర్వాత తాతయ్య మళ్లీ మొక్కలు వేశారు. అంటే ఇప్పుడున్న చెట్లూ నేనూ ఇంచుమించు ఒక ఈడువాళ్లం. తాతయ్య పోయాక తొమ్మిదేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. నాన్న హైదరాబాదులో, మామ్మ ఒక్కతే ఊళ్లో. ఎవరో ఒకరు వచ్చి కాయ దింపుకుని, మామ్మ చేతిలో ఎంతో కొంత పెట్టి వెళ్లిపోయేవారు.

నేను వచ్చేసరికి లోపలికి నడవడానికే దారి లేదు. నడుం ఎత్తు గడ్డి, చెట్ల మీదికి పాకిన తీగలు, రాలిన కాయలు రాలినచోటే మొలకెత్తి ఇంకో చిన్న అడవి. ఆ మొలకల్ని పగలగొట్టి కొబ్బరిపువ్వు తిన్నాం, ఆ రోజుకి అదే మా ఆదాయం. నాకు అప్పటికి తోటపని అంటే అపార్ట్‌మెంట్ బాల్కనీలో నాలుగు కుండీలు, అంతే.

ఇటు చూస్తే బాబాయి. "రొయ్యల చెరువుకి లీజు అడుగుతున్నారమ్మా, ఏడాది డబ్బు ముందే ఇస్తారు" అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేం. కొబ్బరికి ఒక ఏడాది ధర ఉంటుంది, ఒక ఏడాది దింపు కూలీ కూడా రాదు. మా గట్టు అవతల చేను ఇప్పటికే చెరువైపోయింది. కాకపోతే చెరువు తవ్వాలంటే చెట్లు కొట్టేయాలి. ఒకసారి ఉప్పు దిగిన నేల మళ్లీ తోటకి అంత తేలిగ్గా రాదు. నాన్న మధ్యలో ఒక మాట చెప్పారు: "రెండు సంక్రాంతులు చూద్దాం అమ్మలూ. తోట ఖర్చు తోటే తెచ్చుకుంటే ఉంచుదాం, లేకపోతే బాబాయి చెప్పినట్టే."

సరే, ఏం వెయ్యాలి? ఒకరు కోకో అన్నారు, ఒకరు చక్కెరకేళి అన్నారు, రావులపాలెం మార్కెట్ దగ్గరే కదా అని. అసలు సంగతి చెప్పింది మాత్రం మా దింపు పెద్దాయన. చెట్టెక్కి దిగొచ్చి, తువ్వాలుతో మొహం తుడుచుకుని ఇలా అన్నారు: "పడమటేపు చెట్లన్నీ పసుపెక్కిపోయాయండి అమ్మాయిగారూ. పైనుంచి చూస్తే బాగా తెలుత్తాది. ఈ తోటకి నీళ్లు తక్కువై కాదండి, నీళ్లు పోక."

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. గోదావరి డెల్టా అంటే మనకి గుర్తొచ్చేది ధవళేశ్వరం. 1847లో మొదలుపెట్టి 1852కి కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేయించారు, కాలవల్లో నీళ్లు పారాయి, ఊరూరా ఆయన విగ్రహం ఉంది. నీళ్లు రావడం కథలో సగమే. డెల్టా నేల పళ్లెంలా చదునుగా ఉంటుంది. వచ్చిన నీళ్లు వాటంతట అవి పోవు. అందుకే పంట బోదెతో పాటు మురుగు బోదె కూడా ఉంటుంది. అది పెద్ద మురుగు కాలవలో కలిసి, చివరికి సముద్రంలోకి. ఆ దారి ఎక్కడ మూసుకుపోయినా పైనున్న పొలాలన్నీ మునుగుతాయి. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి సార్వా వెయ్యకుండా ఆపేశారు. ధర, కూలీ లాంటి కారణాలతో పాటు మురుగు కాలవలు పూడిపోవడం గురించి కూడా అప్పుడు గట్టిగా వినిపించింది. కాలవకి విగ్రహం ఉంది కానీ మురుగుకి ఎవరూ లేరు, నాకు నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది.

మా బోదెనే చూస్తే, దాదాపు మూడొందల అడుగులు. అందులో మట్టి, మట్టలు, కొబ్బరి డొక్కలు, గుర్రపుడెక్క. ఏప్రిల్‌లో కాలవలు కట్టేస్తారు, జూన్‌లో వదులుతారు. బోదె తవ్వాలంటే ఆ మధ్యలోనే. నలుగురు మనుషులు, ఆరు రోజులు పట్టింది. చేతులు బొబ్బలెక్కాయి గానీ అది కష్టమైన భాగం కాదు. బోదె చివర పక్కవాళ్ల చేలోంచి పోతుంది. అక్కడ ట్రాక్టరు దారి కోసం మట్టి పోసి పూడ్చేశారు. నేను వెళ్లి అడిగితే "మీ తోట అమ్మేస్తున్నారంట కదా, ఇంకెందుకమ్మా" అన్నారు.

మర్నాడు మామ్మ వెళ్లింది. తగువు పెట్టుకోలేదు. అరుగు మీద కూర్చుని కాఫీ తాగి, "ఒరే అబ్బాయ్, దారి తియ్యమనట్లేదురా, దారి కింద తూము వెయ్యమంటున్నాను. గొట్టం డబ్బులు మేమిస్తాం. నీ చేలో నీళ్లు కూడా దీంట్లోంచేగా పోవాలి" అంది. రెండు సిమెంటు గొట్టాలతో అయిపోయింది. అంతకుముందు గట్టి వాన పడితే తోటలో వారం రోజులు నీళ్లు నిలిచేవట. ఆ జూలైలో మర్నాడు సాయంత్రానికి చెప్పులేసుకుని తిరిగాను.

నీళ్లు లాగేశాక చెట్ల అసలు జబ్బులు కనపడ్డాయి. మూడు చెట్ల మొదళ్లలో ఎర్రగా జిగురు కారుతోంది. ఫోన్‌లో ఫొటోలు తీసుకుని అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానానికి వెళ్లాను. గానోడెర్మా తెగులు అని చెప్పారు. అది మట్టిలోంచి, పారే నీటిలోంచి పాకుతుంది. అందుకని ఒక చెట్టు పాదులో నీళ్లు ఇంకో పాదులోకి పోనివ్వకూడదు, జబ్బు చెట్టు చుట్టూ కందకం తవ్వాలి, వేపపిండిలో ట్రైకోడెర్మా కలిపి పాదుల్లో వెయ్యాలి. మళ్లీ నీళ్ల సంగతే, చూశారా! మూడింటిలో ఒక చెట్టు పోయింది, రెండు నిలబడ్డాయి.

ఇంకోటి తెల్లదోమ. ఆకు అడుగున తెల్లగా చుట్టలు చుట్టినట్టు ఉంటుంది, పైన మసి. ఈ పురుగు 2016లో తమిళనాడులో బయటపడి తర్వాత మనవైపు వచ్చింది. చూడగానే మందు కొట్టాలనిపిస్తుంది. వద్దండి. దీన్ని తినే, దీంట్లో గుడ్లు పెట్టే మిత్రపురుగులు ఉన్నాయి, మందు కొడితే ముందు అవే చస్తాయి. కుళ్లిన మొద్దులు మాత్రం మొత్తం తీయించేశాను, కొమ్ముపురుగు వాటిలోనే పెరుగుతుంది.

మొదటి ఏడాది నేను ఒక్క మొక్క కూడా కొనలేదు. చెట్ల మధ్య జీలుగ చల్లి, పూత దశలో కలియదున్నించాను. రెండో వేసవిలో కంద పెట్టాం. నీళ్లు నిలిచే నేలలో కంద కుళ్లిపోతుంది, కాబట్టి బోదె తవ్వకముందు అది మా తోటలో కుదిరే పంట కాదు.

లెక్క కూడా చెప్పేస్తాను. నేను వచ్చినప్పుడు తొంభై చెట్లకి ఒక దింపులో మూడొందల ఎనభై కాయలు. మొన్నటి దింపులో ఐదొందల నలభై. పెద్ద గొప్పేం కాదు, బాగా చూసుకునే తోటకి ఇంకా చాలా రావాలి. కానీ కొబ్బరిలో పువ్వు విచ్చిన దగ్గర్నుంచి కాయ ముదరడానికే ఏడాది పడుతుంది. ఈ ఏడాది చేసిన పని ఫలితం వచ్చే ఏడాది దింపులో గానీ కనపడదు. నాన్న ఇచ్చిన గడువు మాత్రం చెట్టుకి తెలీదుగా.

ఒక సంక్రాంతి అయిపోయింది, రెండోది వస్తోంది. కంద ఇంకా భూమిలోనే ఉంది, డిసెంబరులో తవ్విస్తాం. కూలీ, గొట్టాలు, వేపపిండి, కంద విత్తనం, అన్నీ మామ్మ పాత డైరీలో రాస్తోంది, నేను ఫోన్‌లో రాస్తున్నాను. ఇద్దరి లెక్కకీ నాలుగొందలు తేడా వస్తోంది, ఎవరిది రైటో ఇంకా తేలలేదు. పండక్కి బాబాయి కూడా వస్తున్నారు, లీజు కాగితం తెచ్చుకుంటారేమో.

ఈలోగా వాయుగుండం అంటున్నారు. నిన్న గాలికి రెండు మట్టలు విరిగి తూము మొహాన పడ్డాయి, వాన రాకముందే తీయాలి. ఉంటానండి మరి.