పెంచుకొన్న బిడ్డ మనసునకు వైద్యుడెవరు?

(హైదరాబాదు, మాదన్నపేటలో గ్రామ పంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



మాదన్నపేట మీకు క్రొత్త కాదు. గోలకొండ చివరి సుల్తానైన తానీషా కడ మంత్రిగా ఉండిన మాదన్న పేరిట ఈ పేట వెలసినదని పెద్దలు చెప్పుదురు. మీకు మాత్రము ఈ పేరు వినగానే కూరగాయల మండీ తలపునకు వచ్చును. బిడ్డకు జ్వరము తగ్గనిచో ఎచ్చటికి పోవలెనని ఆ మండీలో ఎవరి నడిగినను నీలోఫరు ఆసుపత్రికి దారి చూపుదురు. కాలు విరిగినచో ఉస్మానియా అందురు. కాని పెంచుకొన్న బిడ్డ రాత్రులు నిదురపోక, తల్లిని చేరరానీయక, దొరికిన రొట్టెముక్కనెల్ల పరుపుక్రింద దాచుకొనుచున్నచో ఎవరి కడకు పోవలెను? ఈ ప్రశ్నకు మండీలోనే కాదు, చదువుకొన్నవారి ఇండ్లలోను జవాబు సులభముగా దొరకదు. నేడు మేము చెప్పదలచినది దానిని గురించియే.

దత్తత మన సంఘమునకు అనాదిగా తెలిసినదే. వంశము నిలువవలెనని, పిండము పెట్టువాడు కావలెనని, ఆస్తికి వారసుడుండవలెనని జ్ఞాతుల పిల్లవానిని తెచ్చుకొనుట ఆచారముగా ఉండెను. 1956లో వచ్చిన హిందూ దత్తత, మనోవర్తి చట్టము ఆడపిల్లను దత్తత తీసికొనుటకును, వితంతువులు, అవివాహితలు తమ పేరిటనే దత్తత తీసికొనుటకును దారి యిచ్చినది. హిందువులు కానివారి సంగతి చాలకాలము వేరుగా ఉండెను. ఏ మతమువారైనను బాలల న్యాయ చట్టము క్రింద దత్తత తీసికొనవచ్చునని 2014లో సుప్రీంకోర్టు చెప్పినది. ఒకే గల్లీలో ఇరుమతముల వారును కాపురముండు ఈ పాతనగరములో ఇది చిన్న విషయము కాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టమునకు తెచ్చిన సవరణ వలన, 2022 సెప్టెంబరు 1 నుండి ఆ చట్టము క్రింది దత్తత ఉత్తర్వును జిల్లా కలెక్టరే ఇచ్చుచున్నారు.

ఇవన్నియు హక్కులకు సంబంధించిన మాటలు. ఉత్తర్వు వచ్చిన నాటి రాత్రి నుండి ఇంటిలో జరుగు దానిని గురించి ఏ ఉత్తర్వులోను ఉండదు.

ఒక ఇంటిని ఊహించుకొనుడు. భార్యాభర్తలు మంచివారు. ఏండ్ల తరబడి ఎదురుచూచి ఆరేండ్ల పిల్లవానిని తెచ్చుకొనిరి. మొదటి నెల వాడు బుద్ధిమంతుడు. రెండవ నెలలో కొట్టుట, వస్తువులు విరుగగొట్టుట, దొంగతనముగా తినుట మొదలైనది. ఇంటికి వచ్చిన క్రొత్తవారి ఒడిలో కూర్చుండును, కన్నతల్లికన్న మిన్నగా చూచుకొను ఆమెను మాత్రము తాకనీయడు. ఇరుగుపొరుగు వారు ఏమందురో మీకు తెలియును. ‘ఎవరి రక్తమో, ఊరకే పోవునా?’ అందురు. ఆ మాట తల్లి చెవిని పడును, పిల్లవాని చెవినీ పడును. ఆరు నెలలు గడచునప్పటికి ఆ దంపతులు ఎవరితోను చెప్పుకొనలేక, బిడ్డను తిరిగి అప్పగించుటను గురించి లోలోపల తలపోయుచుందురు. ఇటువంటి అప్పగింతలు జరుగుచునే యున్నవి. ఒకమారు తల్లిని పోగొట్టుకొన్న బిడ్డకు అది రెండవ పోగొట్టుకొనుట.

రక్తమను మాటలో నిజము లేదు. అన్నము దాచుకొనువాడు దొంగ కాడు. ఎప్పుడో ఒకప్పుడు సమయమునకు అన్నము దొరకనివాడు. తల్లిని దూరముగా నెట్టువాడు కృతఘ్నుడు కాడు. చేరదీసినవారు విడిచిపోవుదురని అనుభవముచే నేర్చుకొన్నవాడు. 1989 చివర రుమేనియాలో ప్రభుత్వము కూలిన పిమ్మట, అచ్చటి శరణాలయముల పిల్లలను ఇంగ్లండులోని కుటుంబములు దత్తత తీసికొన్నవి. మైకేల్ రట్టరు అను ఆచార్యుడు, ఆయన సహచరులు ఆ పిల్లలను వారు పెద్దవారగువరకు పరిశీలించిరి. ఆరు నెలల వయసు నిండకముందే ఇల్లు చేరినవారిలో ఎక్కువమంది తక్కిన పిల్లల వలెనే పెరిగిరి. అంతకుమించి శరణాలయములో గడపినవారిలో పలువురికి మానసికమైన చిక్కులు చాల ఏండ్లు నిలిచినవి. అయినను వారిలో సయితము కొందరు ఏ చిక్కును లేక ఎదిగిరి. తొలినాళ్ళ లేమి బిడ్డపై ముద్ర వేయుననియు, ఆ ముద్ర అందరిపై ఒకే తీరున ఉండదనియు ఇందువలన తెలియుచున్నది.

ఇక ఆ తల్లిదండ్రులు ఎచ్చటికి పోవుదురు? దర్గాకు పోయి తాయెత్తు కట్టింతురు, గుడిలో మ్రొక్కుకొందురు. అందువలన వారి మనసునకు ఊరట కలిగినచో మేము కాదనము. కాని దయ్యము పట్టినదని పొగబెట్టు వానికిని, వేపమండలతో కొట్టు వానికిని బిడ్డ నప్పగించుట నేరముతో సమానము. ఈ మోటుతనము మన దేశములోనే ఉన్నదని తలంపవలదు. 2000 సంవత్సరమున అమెరికాలోని కొలరాడో రాష్ట్రములో పదేండ్ల దత్త బాలికను ‘పునర్జన్మ చికిత్స’ అను పేర దుప్పటిలో చుట్టి, పైనుండి అదిమి పట్టగా, ఊపిరాడక ఆమె మరణించినది. అది చేసినవారు చికిత్సకులమని చెప్పుకొన్నవారే. మరుసటి ఏడు ఆ రాష్ట్రము అట్టి చికిత్సను నిషేధించుచు చట్టము చేసినది. కావున బిడ్డను బలవంతముగా పట్టి ఉంచెదను, ఆకలితో ఉంచి దారికి తెచ్చెదను అనువాడు ఎంత పెద్ద బోర్డు కట్టుకొన్నను అతని గడప త్రొక్కవలదు.

మరి త్రొక్కదగిన గడప ఏది? ఇచ్చట కొంచెము నిదానముగా చెప్పవలసియున్నది. మానసిక వైద్యుడనగా వైద్యవిద్య చదివి, మందులు వ్రాయు అధికారము గలవాడు. క్లినికల్ సైకాలజిస్టు మందులు వ్రాయడు. మాటలచేతను, ఆటలచేతను, పరీక్షలచేతను బిడ్డ మనసును తెలిసికొని చికిత్స చేయును. 1992 చట్టము క్రింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో అతని పేరు నమోదై యుండవలెను. ఆ నమోదు సంఖ్యను అడుగుట మర్యాద తప్పుట కాదు. అడిగినచో చిన్నబుచ్చుకొను వానిని మీరే విడిచిపెట్టవచ్చును. కౌన్సిలరు అను మాటను మాత్రము కొలది వారముల శిక్షణ పొందినవారు సయితము తలుపుపై వ్రాసికొనుచున్నారు. వారిలో మంచివారు లేకపోలేదు. అయినను శరణాలయము నుండి వచ్చిన బిడ్డ విషయములో మంచితనమొక్కటే చాలదు.

తల్లిదండ్రులు మొదటిసారి పోయినప్పుడు అడుగవలసిన మాటలు కొన్ని గలవు. దత్తత వచ్చిన పిల్లలను గాని, శరణాలయములలో పెరిగిన పిల్లలను గాని ఇదివరలో చూచితిరా? బిడ్డను ఒంటరిగా చూతురా, మమ్ములనుకూడ కూర్చుండబెట్టుకొందురా? ఈ రెండవ ప్రశ్న ముఖ్యమైనది. బిడ్డకు దెబ్బ తగిలినది సంబంధములో గనుక, అది మానవలసినదియు సంబంధములోనే. తలుపు మూసి బిడ్డను మాత్రమే ‘సరిచేసి’ పంపెదననువానికి ఈ సంగతి తెలియదన్నమాట. బిడ్డ భాష ఆయనకు తెలియునా అనియు అడుగుడు. తండా నుండి వచ్చిన పిల్లకు లంబాడీ మాటలే వచ్చును. పాతనగరపు పిల్లవాడు ఉర్దూలో ఏడ్చును. ఒకటి రెండు పర్యాయములలో నయము చేసెదనను మాటను నమ్మరాదు. నెలలు పట్టును, ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టును, మధ్యలో విడిచి యౌవనములో మరల పోవలసి రావచ్చును.

మనసును చూపుటకు ముందు చెవులను చూపుడు. పిలిచిన పలుకని బిడ్డ మొండివాడని కొట్టుచుందురు, తీరా చూడగా వినికిడి తక్కువ. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పాఠశాలలకును, అంగన్‌వాడీలకును వచ్చు వైద్య బృందములు ఇట్టి లోపములను పట్టుకొని, పై చికిత్సకు పంపుటకే ఏర్పడినవి. బుద్ధి ఎదుగుదల మందముగా ఉన్నదను అనుమానమున్నచో, 1984లో సికిందరాబాదు మనోవికాస్ నగర్‌లో స్థాపింపబడిన జాతీయ సంస్థ యున్నది.

ఇక ఎర్రగడ్డ. ఆ పేరు మనలో తిట్టుగా మారిపోయినది. ‘నిన్ను ఎర్రగడ్డకు పంపవలె’ అని హాస్యమాడుదుము. అది ప్రభుత్వ మానసిక వైద్యశాల, ఉస్మానియా వైద్య కళాశాలతో అనుబంధముగలది. తనను తాను గాయపరచుకొను బిడ్డకును, చచ్చిపోదునని అను బిడ్డకును డాక్టరు అవసరము. మాదన్నపేట నుండి అది నగరమునకు అవతలి కొస. అయినను ఆ దూరముకన్న ఆ తిట్టే చాలమందిని ఆపుచున్నదని మా అభిప్రాయము.

అంతదూరము పోకముందే తట్టవలసిన తలుపు వేరొకటి గలదు. 2022 నాటి దత్తత నియమముల ప్రకారము, బిడ్డ ఇల్లు చేరిన తరువాత రెండేండ్లపాటు ఆరు నెలలకొకమారు ఆ కుటుంబము యోగక్షేమములను విచారించి నివేదిక వ్రాయవలెను. బిడ్డకును, తల్లిదండ్రులకును పొత్తు కుదరనప్పుడు కౌన్సిలింగు ఏర్పాటు చేయు బాధ్యత దత్తత సంస్థపైనను, జిల్లా బాలల పరిరక్షణ విభాగముపైనను ఉన్నది. ఇది వారి దయ కాదు, కుటుంబమునకు గల హక్కు. కాని విచారణకు వచ్చిన వారితో తల్లిదండ్రులు ‘అంతయు బాగున్నది’ అని చెప్పి పంపివేయుదురు. నిజము చెప్పినచో బిడ్డను తీసికొనిపోవుదురేమో, మమ్ము అసమర్థులందురేమో అను భయము. సహాయము అడిగినంత మాత్రమున బిడ్డను తీసికొనిపోరని మీరు వారికి చెప్పవలెను. రాత్రివేళ ఏమియు తోచనప్పుడు టెలీ మానస్ అను ఉచిత టెలిఫోను సేవ యున్నది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైనది. సంఖ్య 14416. తెలుగులోను మాటలాడుదురు. ఈ సంఖ్యను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించుటకు ఏ తీర్మానమును అక్కరలేదు.

దత్త కుటుంబములకే ప్రత్యేకముగా తరిఫీదు పొందిన చికిత్సకులు మన ప్రాంతమున అరుదు. ఇంగ్లండులో అట్టి చికిత్స కొరకు ప్రభుత్వము 2015లో ప్రత్యేక నిధినే నెలకొల్పినది. మనకు అట్టిది లేదు. కావున పిల్లలను ఓపికతో చూచు సైకాలజిస్టు నొకరిని ఎన్నుకొని, బిడ్డ పూర్వచరిత్రను తెలిసినంతవరకు దాపరికము లేక చెప్పుటయే ఉన్న మార్గము. దత్తత సమయమున ఇచ్చిన బిడ్డ నివేదికను, వైద్య పరీక్షల కాగితములను వెంట తీసికొని పోవలెను.

చరిత్రను దాచిన ఇండ్లలో ఈ పని సాగదు. కొందరు ఆసుపత్రి నుండి, మధ్యవర్తి నుండి కాగితములు లేకయే బిడ్డను తెచ్చుకొందురు. అది బాలల న్యాయ చట్టము క్రింద మూడేండ్ల వరకు ఖైదు పడదగిన నేరమని మీరు వినియుందురు. నేరమను సంగతి అటుంచి, అట్టి బిడ్డ జబ్బుపడినను, మనసు చెదరినను, తల్లిదండ్రులు ఏ వైద్యుని ముందును నోరు తెరువలేరు. 1999లోను, 2001లోను నల్లగొండ, మహబూబునగరు జిల్లాల తండాల నుండి ఆడశిశువులను కొని విదేశములకు దత్తతనిచ్చిన వ్యవహారము బయటపడినది. ఆ కాలమున విదేశములకు పోయిన బిడ్డలు నేడు పెద్దవారు. తన తల్లి ఎవరని వెదకుచు వచ్చువారికి కాగితములలో కల్పిత వివరములున్నచో, ఏ చికిత్సకుడును ఆ ఖాళీని పూరింపలేడు. సక్రమముగా జరిగిన దత్తతలో, బిడ్డ తన మూలములను తెలిసికొనుటకు దరఖాస్తు పెట్టుకొను మార్గము నియమములలో ఉన్నది. పదునెనిమిదేండ్లు నిండనిచో తల్లిదండ్రులతో కలిసి పెట్టవలెను.

దత్తత సంగతి బిడ్డకు ఎప్పుడు చెప్పవలెనని అడుగుదురు. ఊరివారు చెప్పకముందే చెప్పవలెను. మూడు నాలుగేండ్ల వయసులో కథవలె మొదలుపెట్టి, వయసుతోబాటు పెంచుచు పోవలెను. పెండ్లినాడు దాయాదుల నోట విని తెలిసికొన్న పిల్ల పరిస్థితిని మీలో కొందరు చూచియేయుందురు. ఇచ్చట పంచాయతీ సభ్యుల పని సులభము కాదు, నోళ్ళు మూయించుట చట్టముచే కాదు గదా. అయినను గ్రామ బాలల పరిరక్షణ కమిటీకి అధ్యక్షుడు సర్పంచే. బడిలో ‘పెంపుడు పిల్ల’ అని పేరుపెట్టి పిలువకుండ ప్రధానోపాధ్యాయునితో మాటలాడుట, కూలిపని మాని పట్నము పోవలసిన తండ్రికి బస్సు ఛార్జీల వరకైనను చేయూత చూచుట ఆ కమిటీ చేయగలదు.

ఒక సభ్యురాలు మాకు చీటీ పంపిరి. వారి గ్రామములో తోడికోడలి బిడ్డను చట్టప్రకారము దస్తావేజుతో దత్తత తీసికొనిరట. కన్నతల్లి ఇల్లు ఆ వీధిలోనే. ఎనిమిదేండ్ల పిల్ల కోపము వచ్చినప్పుడెల్ల అటు పరుగెత్తును, ఆమె అన్నము పెట్టి మరల ఇటు పంపును. రాకపోకలు మాన్పించవలెనా అని వారి ప్రశ్న. మాన్పించవలదు. మూసిన తలుపును పిల్ల రోజంతయు చూచుచునే యుండును. కాని బడి, మందు, శిక్ష అనువాటిలో ఎవరి మాట చెల్లవలెనో ఇద్దరు తల్లులును ముందుగా మాటలాడుకొని, అదే మాటను పిల్లకు ఇద్దరును చెప్పవలెను. ‘పో, మీ అమ్మ దగ్గరికే పో’ అను మాట మాత్రము ఏ కోపములోను పెంచిన తల్లి నోట రారాదు. వారు సైకాలజిస్టు కడకు పోదలచినచో రెండు ఇండ్ల పెద్దలును కలిసియే పోవుట మేలు. తొలిసారికి పిల్లను వెంట తీసికొని పోనక్కరలేదు.