బండి అడుగు కడగాలా, వద్దా?



ఇవాళ నేను మాట్లాడబోయేది ఆవకాయ గురించి కాదు, పసిపిల్లల దగ్గు గురించీ కాదు. బండికి ఎఫ్.సి. చేయించడం గురించి. "అది మగవాళ్ళ సంగతి కదమ్మా, మనకెందుకు?" అని రేడియో కట్టెయ్యకండి. మన పుంగనూరు చుట్టుపక్కల ఎన్ని సంసారాలు ఒక్క బండి మీద నడుస్తున్నాయో మీకు తెలియనిది కాదు. మదనపల్లె మార్కెట్టుకు టమాటా పెట్టెలు మోసే చిన్న లారీ కావచ్చు, పాలక్యాన్ల ఆటో కావచ్చు. బండి కాగితాల్లో పేరు ఆయనది. కంతు కట్టడానికి సంఘంలో అప్పు తెచ్చేది మనం. ఇక స్కూలు బస్సంటారా, అందులో పోయేది మన పిల్లలే.

ముందు లెక్క చెప్పుకుందాం. సొంత కారుకు ఏటేటా ఈ బాధ లేదు. రిజిస్ట్రేషను 15 ఏళ్ళు నడుస్తుంది, ఆ తరువాత ఐదేళ్ళకొకసారి బండిని చూపించి పొడిగించుకోవాలి. బాడుగకు తిరిగే బండికి అట్లా కాదు. 2018లో మార్చిన నిబంధన ప్రకారం ఎనిమిదేళ్ళు నిండేదాకా రెండేళ్ళకొకసారి, ఎనిమిదేళ్ళు దాటితే ఏటేటా ఎఫ్.సి. సెకండుహ్యాండులో పాతబండి కొన్నవాళ్ళకు ప్రతి ఏడూ తిప్పలే. స్కూలు బస్సులకు మన రాష్ట్రంలో మే 15తో ఎఫ్.సి. ముగుస్తుంది. బడులు తెరిచేలోగా మళ్ళీ చేయించాలి.

తేదీ దగ్గర పడిందంటే ఇంట్లో ఒక తగువు మొదలవుతుంది. ఇంటాయన ఏమంటాడు? "మట్టి అట్లే ఉండనీ. బ్రేకు ఇన్‌స్పెక్టరు కిందికి వొంగి చూడబోతాడా? కడిగితే లేనిపోని రోగాలన్నీ బయటపడతాయి" అంటాడు. షెడ్డు మేస్త్రీ ఇంకొక మాట చెబుతాడు. "వాటర్ సర్వీసు చేయించి, పైన వాడేసిన ఇంజనాయిలు బ్రష్షుతో కొట్టెయ్యన్నా, నల్లగా నిగనిగలాడుతుంది" అని. ఒకరు మట్టితో కప్పమంటారు, ఒకరు నూనెతో కప్పమంటారు. ఇద్దరూ ఇన్‌స్పెక్టరు కంటికి ఏమి కనబడాలా అనే చూస్తున్నారుగాని, ఆ బండిలో పోయేవాళ్ళ కంటికి ఏమి కనబడాలా అని ఆలోచించడం లేదు.

కడగమని చట్టంలో ఉన్నదా అంటే, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఎఫ్.సి.కి ఏమేమి చూడాలో పట్టిక వేసి ఇచ్చారు. లైట్లు, రిఫ్లెక్టర్లు, అద్దాలు, హారను, సైలెన్సరు, వైపరు, పొగ, బ్రేకు, స్పీడోమీటరు, స్టీరింగు... అందులో కడగడం అన్న మాట లేదు. ఇంగ్లండులో 1960 నుంచి ఇటువంటి పరీక్ష జరుగుతున్నది. అక్కడ అడుగు సరిగా చూడలేనంతగా మట్టి కొట్టుకొని ఉంటే, పరీక్ష చేయకుండానే బండిని తిప్పి పంపవచ్చు. మన దగ్గర అంత మాట లేకపోయినా, కనబడని బ్రేకు పైపును ఎంత మంచి ఇన్‌స్పెక్టరైనా ఎట్లా చూస్తాడు?

కాబట్టి నా మాట, కడగాలి. అయితే ముందు రోజు సాయంత్రం కాదు, కనీసం వారం ముందు. ఎందుకో చెబుతాను.

బండి కింద బ్రేకు ఆయిలు పోయే ఇనప పైపులుంటాయి. చిటికెన వేలికన్నా సన్నం. చక్రం దగ్గరికి వచ్చేసరికి అవి రబ్బరు గొట్టాలకు కలుస్తాయి. ఆ అతుకు దగ్గర తేమ కనిపించిందా, చక్రం లోపలివైపు తడిగా జిడ్డుగా ఉన్నదా, బ్రేకు ఆయిలు కారుతున్నట్టే అనుకోవాలి. కమాను కట్టల్లో ఒక పట్టీ విరిగినా, ఛాసిస్ చీలినా, చీలిన చోట సన్నని తుప్పు గీత కనిపిస్తుంది. మట్టి కింద ఇవేవీ కనబడవు. పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగేటప్పుడో, భాకరాపేట ఘాటులోనో తెలిసి ఏమి లాభం? వారం ముందు కడిగితే, కనబడినదాన్ని బాగుచేయించడానికి వ్యవధి ఉంటుంది. ముందు రోజు కడిగితే కంగారు తప్ప ఏమీ మిగలదు. ఆ తడిలో నీళ్ళేవో, ఆయిలేదో కూడా తెలియదు.

టమాటా బండ్లకు ఇంకొక పీడ ఉన్నది. పెట్టెల్లో చితికిన పండు రసం పలకల సందుల్లోనుంచి కారి ఛాసిస్ మీద పడుతుంది. దాని మీద మన ఎర్రమట్టి అంటుకుంటుంది. ఇనప బాణలిలో చింతపండు పులుసు రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? బండి కింద కూడా అదే జరుగుతుంది. మట్టి తడిని పట్టుకొని ఉంటుంది, పులుపు ఇనుమును తింటుంది. టమాటా సీజను ముగిసినాక ఒకసారి, వానలు వెనకబట్టినాక ఒకసారి కడిగించేవాళ్ళకు ఎఫ్.సి. ముందు పెద్ద పని ఉండదు.

ఆ వాడేసిన ఆయిలు పూసే అలవాటు మాత్రం మానిపించండి. గోడకు సున్నం కొడితే లోపలి చెదలు చస్తాయా? అడుగంతా జిడ్డు చేసినాక ఎక్కడ ఆయిలు కారుతున్నదో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. దుమ్ము ఇంకా గట్టిగా పడుతుంది. రబ్బరు గొట్టాలూ బుష్షులూ ఉబ్బి మెత్తబడతాయి. బ్రేకు లైనింగు మీద పడితే పట్టు పోతుంది. వాన పడితే ఆ నల్లటి నీళ్ళు మన కాలవలోకే కదా పోయేది.

కడిగేటప్పుడు కొన్ని చూసుకోవాలి. తిరిగి వచ్చిన బండిని వెంటనే కడగకూడదు, సైలెన్సరు చల్లారనివ్వాలి. గట్టిగా పట్టిన మట్టి మీద ముందు నీళ్ళు చల్లి ఒక గంట నాననిస్తే, అంట్లగిన్నెలో మాడు వదిలినట్టు అదే వదులుతుంది. వాటర్ సర్వీసు కుర్రవాడు ఉత్సాహం కొద్దీ గన్ను దగ్గరగా పెట్టి కొడతాడు. వైర్ల జాయింట్లు, డైనమో, చక్రాల ఆయిలు సీళ్ళు, రేడియేటరు జల్లెడ, ఈ నాలుగింటి మీద అట్లా కొట్టనివ్వకండి. తలుపుల కింద, అడుగు రేకుల్లో నీళ్ళు దిగిపోవడానికి చిన్న చిన్న బెజ్జాలుంటాయి. మట్టితో పూడిపోయి ఉంటే చీపురుపుల్లతో పొడిస్తే చాలు. నీళ్ళకు గ్రీజు పోతుంది కాబట్టి కడిగినాక గ్రీజు కొట్టించాలి. బండి బయలుదేరినాక మెల్లగా పోనిస్తూ నాలుగుసార్లు బ్రేకు తొక్కితే లైనింగు ఆరుతుంది. ఒక్క జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి మాత్రం ఎవరినీ దూరనివ్వకండి. మీ ఆయనైనా సరే, పిల్లవాడు పానా అందిస్తానన్నా సరే.

ఛాసిస్ నంబరు సంగతి వేరే చెప్పాలి. ఇన్‌స్పెక్టరు దాని మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్ర తీసుకుంటాడు, కాగితాల్లో ఉన్న నంబరుతో పోల్చి చూస్తాడు. అక్కడ మట్టి, తుప్పు పేరుకొని ఉంటుంది. కొందరు ఉలి పెట్టి గీకుతారు, ఇనపబ్రష్షుతో తోముతారు. అంకె అరిగిందంటే, నంబరు దిద్దారేమోనన్న అనుమానం వస్తుంది. దాని నుంచి బయటపడటం ఎఫ్.సి. కన్నా పెద్ద పని. గుడ్డకు కొంచెం డీజిలు అద్ది, నానబెట్టి మెల్లగా తుడిస్తే సరిపోతుంది.

ఎఫ్.సి. రోజున తళతళలాడనక్కరలేదు. దారిలో అంటిన దుమ్ముకు ఎవరూ తప్పు పట్టరు. మన పొట్టి ఆవును సంతకు తోలేటప్పుడు ఒళ్ళు కడిగి, కొమ్ములకు నూనె రాస్తాం. కొనేవాడు మాత్రం నోరు తెరిచి పళ్ళే చూస్తాడు.

ఇంకొక సంగతి. ఇది మీరే చేయవచ్చు, మేస్త్రీతో పని లేదు. బండి కడిగి పూర్తిగా ఆరినాక, రాత్రి నిలబెట్టే చోట పాత అట్టపెట్టెలు విప్పి ఇంజను కింద, నాలుగు చక్రాల లోపలివైపు పరవండి. ఏ అట్ట ముందుచక్రానిది, ఏది వెనకచక్రానిది అని బొగ్గుతో రాసి పెట్టుకోండి. తెల్లవారి ముగ్గు వేసినాక, బండి కదలకముందే చూడండి. ఇంజను కింద నల్ల మరక ఉంటే ఇంజనాయిలు. చక్రం పక్కన చేతికి జిడ్డుగా తగిలే చుక్క ఉంటే ఆ రోజు లోడు ఒప్పుకోవద్దని చెప్పండి, ఎంత బాడుగ ఇస్తామన్నా. "నీకేం తెలుసు?" అంటే వాదించకండి. ఆ అట్టను అట్లే పట్టుకుపోయి మేస్త్రీకి చూపించమనండి.