తొలి రచనకు తూనికరాయి



బహుమానము ధనము మాత్రమే కాదు. ఏది రచన యనదగునో తేల్చు తూనికరాయి. కేంద్ర సాహిత్య అకాడమీ 2011లో యువ పురస్కారమును నెలకొల్పినది. 35 ఏండ్లు దాటనివారికి 50,000 రూపాయలు ఒసగుచున్నది. తొలి యేట తెలుగున వేంపల్లి గంగాధర్ గారి 'మొలకల పున్నమి' కథలకు అది లభించినది. సంతోషమే.

అయితే 2006లో తమిళమును నిర్బంధము చేసిన చట్టము వచ్చిన పిమ్మట వేలూరు, గుడియాత్తములలో మన బిడ్డలు పెక్కండ్రకు తెలుగు ఇంటి పలుకుగానే మిగిలినది. అక్షరము ఆలస్యముగా అబ్బుచున్నది. వారికి ఆ గడువు ఇరుకు.

కావున మేము కోరునది ఇది: మన యూళ్ళలో తొలి రచనకు బహుమానము పెట్టువారు వయసు నడుగవలదు, మగ్గపుటింటి మాటను తప్పుగా లెక్కింపవలదు. నలుబదవ యేట అక్షరములు దిద్దుకొని వ్రాసిన తల్లిదియు తొలి రచనయే.