ఫిర్యాదు చేయలేని పిల్లలు

మాస్టారి పేరున ఏటా జరిగే ఈ ఉపన్యాసంలో, బడిలో మనం పేరెత్తడానికే జంకే పిల్లల గురించి మాట్లాడతాను.

నడకలో కాస్త సుకుమారం ఉన్న మగపిల్లవాడు. జుట్టు కత్తిరించుకుని ప్యాంటు వేసుకోవాలనుకునే ఆడపిల్ల. తోటి అమ్మాయి మీద మనసు పడ్డ అమ్మాయి. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి క్లాసు వీళ్లకు పేర్లు పెట్టేస్తుంది: ఆడంగి, తేడా, పాయింట్ ఫైవ్. ఒక్కోసారి ఆ పేరు పంతులుగారి నోటి నుంచే మొదలవుతుంది.

కులం పేరుతో తిడితే తండ్రి బడికొచ్చి నిలదీయగలడు, ఆ దెబ్బ ఇంటిల్లిపాదికీ తగులుతుంది కాబట్టి. ఈ పిల్లవాడికి ఆ అండ లేదు. ఏమన్నారో చెబితే ఎందుకన్నారని ఇంట్లో అడుగుతారు. దానికి జవాబు వాడికే ఇంకా తెలియకపోవచ్చు. తెలిసినా నాన్న ముందు చెప్పగలిగింది కాదు. అందుకే ఇంటర్వెల్‌లో మూత్రశాల వైపు వెళ్లడు. అక్కడ నిక్కరు లాగి "చూద్దాం రా" అనేవాళ్లుంటారు. పొద్దున అమ్మ నింపిచ్చిన నీళ్ల సీసా సాయంత్రం నిండుగానే ఇంటికొస్తుంది. తాగలేదని తిట్లు కూడా వాడికే.

ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారు, ఇంటర్వెల్ గంట మోగగానే టీ గ్లాసు పట్టుకుని మూత్రశాల గోడ దగ్గరకు వెళ్లి నిలబడేవారు. ఎవరినీ ఏమీ అడిగేవారు కాదు. ఆయన నిలబడినంతసేపూ అక్కడ ఎవరి జోలికీ ఎవరూ వెళ్లేవారు కాదు.

చట్టాలు వచ్చాయి. 2014లో నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) కేసులో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల గుర్తింపును ఒప్పుకుంది. 2018లో, పెద్దవాళ్లు ఇష్టపడి కలిస్తే, ఇద్దరిదీ ఒకే లింగమైనా, నేరం కాదంది. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం బడిలో వివక్ష కూడదంటే, దాని కింద వచ్చిన 2020 నియమాలు విద్యాసంస్థల్లో వేధింపుల ఫిర్యాదులకు కమిటీ ఉండాలన్నాయి. వేధించేవాళ్లలో టీచర్లూ ఉండొచ్చని ఆ నియమాలే గుర్తించాయి. లైంగికత పేరుతో చేసే వేధింపును యూజీసీ 2016లో ర్యాగింగ్ కింద చేర్చింది, కానీ అది కాలేజీలకు. పైగా కమిటీ అంటే ఫిర్యాదు కోసం ఎదురుచూసేదే. నోరు విప్పితే బయటపడిపోతానని భయపడే పిల్లవాడు కమిటీ ముందుకు వస్తాడా? ఒక్క కాగితమూ రాలేదు గనక మా బడిలో ఆ సమస్యే లేదనే హెడ్మాస్టర్ల మాట నేను నమ్మను.

2021లో ఎన్‌సీఈఆర్‌టీ ట్రాన్స్‌జెండర్ పిల్లల గురించి టీచర్ల కోసం ఒక శిక్షణ పుస్తకం తెచ్చింది. మూత్రశాలలు, యూనిఫారాల సంగతీ అందులో ఉంది. బాలల హక్కుల కమిషన్ అభ్యంతరం చెప్పగానే, కొద్ది రోజుల్లోనే వెబ్‌సైటు నుంచి తీసేశారు. అభ్యంతరమున్న పేజీల మీద చర్చ జరగాల్సిందే. మొత్తం పుస్తకాన్నే మాయం చేయడం మాత్రం అన్యాయం.

మన రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలను అడుగుతున్నాను. డీఎస్సీలో ఎంపికైన కొత్త టీచర్ల శిక్షణలో ఈ పిల్లల సంగతికి ఒక పూట కేటాయించండి. ఇంటర్వెల్‌లో మూత్రశాలల దగ్గర ఒక టీచరుకు డ్యూటీ వేయండి. నిక్కరు లాగినవాణ్ని పిలిచి మాట్లాడండి. లాగించుకున్నవాణ్ని పిలిచి నువ్వెవరివని అడగొద్దు.